ఎనభై నాలుగు డిగ్రీలు

సోమవారం పొద్దున ఆమె వచ్చేసరికి పరీక్షల గది ముందు నలభై ఒక్క అట్టపెట్టెలు పేర్చి ఉన్నాయి. అన్నీ కొన్నవాళ్ల ఇళ్ల నుంచి తిరిగొచ్చిన గేమ్ కన్సోళ్లు. ఒక్కోదానికీ ఒక చీటీ అంటించారు. చీటీల మీద చేతిరాతలు వేరు, మాట మాత్రం ఒకటే. ఆట ఎక్కడ ఆపామో అక్కడ దొరకడం లేదు. కొన్నాళ్లకు ఆటే దొరకడం లేదు. ఆ తర్వాత యంత్రం లేవడం లేదు.

ఆ కంపెనీలో ఆమెను పేరు పెట్టి పిలిచేవాళ్లు తక్కువ. కొలిమక్క అంటారు. బీరువా అంత ఉక్కు పెట్టెలో కన్సోళ్లను పెట్టి, రోజుల తరబడి కాచి, గడ్డకట్టించి, మళ్లీ కాచి, ఏది ఎన్ని గంటలకు చచ్చిందో రాసిపెట్టడం ఆమె పని. క్యాంటీన్‌లో ఆమె పక్కన కూర్చుంటే గ్లాసులో మంచినీళ్లు మరుగుతాయని కుర్రకారు హాస్యమాడేవాళ్లు. ఆమె నవ్వేది కాదు, కోప్పడేదీ కాదు. తన గ్లాసు వాళ్ల వైపు ఇంకాస్త జరిపేది.

మొదటి పెట్టె తెరిచింది. అడుగున రబ్బరు కాళ్ల కింద నాలుగు స్క్రూలు. అవి తీస్తే పై మూత పక్కకు జారింది. పల్చటి ఫ్యాను, దాని కింద రాగి పలక, పలక కింద ఎండి బీటలువారిన బూడిదరంగు పేస్టు. స్పిరిట్‌లో ముంచిన దూదితో పేస్టు తుడిస్తే ప్రధాన చిప్పు బయటపడింది. దాన్ని ఆనుకున్నట్టే, ఆటలన్నీ దాచుకునే మెమరీ చిప్పు. రెండింటి మధ్య సందులో వేలు పెట్టి చూసింది. వేలు పట్టలేదు.

గోడ అర మీద పాత మోడళ్లు వరసగా ఉన్నాయి. మొదటిదానికి ఆటలు క్యాట్రిడ్జిల్లో వచ్చేవి. సబ్బుబిళ్ల అంత ప్లాస్టిక్ డబ్బీ. నెత్తిన గుచ్చగానే ఆట మొదలయ్యేది. కానీ అందులో పట్టేది తక్కువ, చేయడం ఖరీదు. వాటిని ఐదు వేలసార్లు గుచ్చి తీసి, అరచేతులు బొబ్బలెక్కి, ఆమె పాస్ చేసింది. తర్వాత డిస్కులొచ్చాయి. చవక, ఎంతైనా పడుతుంది. అయితే ఆట మొదలయ్యేలోపు ఒక కునుకు తీయొచ్చు, మోటారు గొణుగుడు వేరే. వాటి మీద ఇసుక చల్లి, గుడ్డతో రుద్ది, గీతలు లెక్కపెట్టింది. ఈ కొత్తదానిలో గుచ్చేది లేదు, తిరిగేది లేదు. ఆటలు గాలిలోంచి దిగి, తీయడానికి వీల్లేకుండా బోర్డుకు అతికించిన ఆ ఒక్క చిప్పులో కూర్చుంటాయి. చిప్పు పోతే అన్నీ పోయినట్టే.

పది దాటాక బోర్డు సారు వచ్చాడు. కన్సోల్ లోపలి బోర్డు గీసేది ఆయనే. నలభై దాటని మనిషి, మెత్తగా మాట్లాడతాడు, ఎవరి గదికి వెళ్లినా కుర్చీలో కూర్చోడు. వెంట తెచ్చిన కాగితం ఆమె బల్ల మీద పెట్టాడు. తిరిగొచ్చిన యంత్రాల నివేదిక అది. సగం అప్పటికే నింపి ఉంది. కారణం అన్న గడిలో, సోల్డరింగు లోపం, అని టైపు చేసి ఉంది. ధ్రువీకరించినవారు అన్న గడి మాత్రం ఖాళీ.

గురువారం పెద్ద మేనేజరు ముందు సమీక్ష ఉందనీ, ఈలోగా ఆమె ఒకసారి చూసి ఖాయం చేస్తే చాలనీ చెప్పాడు.

"చూడకముందే కారణం రాసేశారు కదా సార్," అంది కొలిమక్క.

"అందుకే కదక్కా, చూడటానికి మీ దగ్గరికి తెచ్చాను," అన్నాడు ఆయన. ఆ మాటతో పాటు చిన్న నవ్వు నవ్వి, వచ్చినంత మెత్తగా వెళ్లిపోయాడు.

పరీక్షల గదికి ఒక వైపు గోడ గాజుది. అవతల సోల్డరింగు లైను. మామూలుగా ఆ వేళకు అందరి తలలూ వంగి ఉంటాయి. ఆ రోజు బెల్టు ఆగి ఉంది. పదకొండు మంది ఆడవాళ్లు టోపీలు, గ్లవుజులు తీసి, మెడలో కార్డులు బల్ల మీద పెట్టి, గోడ వారగా నిలబడి ఉన్నారు. సూపర్‌వైజరు ఒక్కొక్కరినీ పిలిచి, తను చేసిన బోర్డుల ట్రే పక్కన చెయ్యి పెట్టమని, ఆ చేతికీ ట్రేకూ కలిపి ఫోటో తీస్తున్నాడు. వరసలో చివర నిలబడ్డది కొలిమక్క ఆడపడుచు. ఆ లైనుకు పెద్ద ఆమే. చిప్పులను బోర్డుకు అతికించే వేడిని మిషన్లో సరిచూసేది కూడా ఆమే.

వరసలో ఒకావిడకు మోకాళ్లు పట్టేసినట్టున్నాయి, గోడకు జారగిలబడుతోంది. ఆడపడుచు వెళ్లి ఒక స్టూలు లాక్కొచ్చి ఆమె వెనక వేసింది. సూపర్‌వైజరు ఫోన్ కిందికి దించకుండానే కాలితో ఆ స్టూలును పక్కకు నెట్టేశాడు.

కొలిమక్క చేతిలో దూది ఆరిపోయింది. అలాగే చూస్తూ నిలబడింది.

ఆ సాయంత్రం ఇంట్లో ఆడపడుచు కూతురు ఆట ఆడుతోంది. ఆడపడుచూ కూతురూ ఉండేది మేడమీద. టీవీ, కన్సోలు మాత్రం కింద హాల్లో. ఆ పిల్లకు పదిహేనేళ్లు. ఎనిమిది నెలలుగా తెర మీద ఒక ఊరు కడుతోంది. వీధులు, వంతెన, దీపస్తంభాలు, ఇంటింటికీ పేర్లున్న మనుషులు. తెర మీద ఒక తలుపు తట్టింది. తలుపు చాలాసేపటికి గానీ తెరుచుకోలేదు. లోపలి మనిషి ఒక మాట సగం పలికి, మళ్లీ మొదటికొచ్చి, మళ్లీ సగం దగ్గరే ఆగాడు.

"అత్తయ్యా, వీళ్లు మాటలు మర్చిపోతున్నారు," అంది పిల్ల, తెర మీంచి కళ్లు తిప్పకుండా.

కొలిమక్క కన్సోలు వెనక అరచెయ్యి పెట్టింది. చెయ్యి వెంటనే తీసేయాల్సి వచ్చింది. చెవి ఆనిస్తే తప్ప ఫ్యాను చప్పుడు వినపడలేదు. ప్రకటనల్లో కంపెనీ చెప్పుకున్న గొప్ప అదే, పక్కన పసిపాప పడుకున్నా లేవదని.

ఆమె భర్త లిఫ్టు మెకానిక్కు. చేతులు కడుక్కుని వచ్చి, యంత్రం దగ్గర భార్య అలా వంగి ఉండటం చూసి, ఇంటికొచ్చాక కూడా నాడి పట్టడం మానవా అన్నాడు. ఎవరూ నవ్వలేదు. ఆడపడుచు గుమ్మం దగ్గర బట్టలు మడత పెడుతోంది. మధ్యాహ్నం తమ అందరి చేతా ఒక కాగితం మీద సంతకాలు పెట్టించారని చెప్పింది, పనిలో తగిన తర్ఫీదు తీసుకున్నామని. తర్ఫీదు ఇచ్చామని వాళ్లు రాసుకుంటే, తప్పు ఇక మాదే అవుతుంది కదా అంది. గొంతులో కోపం లేదు. చొక్కా చేతులు రెండూ సరిగ్గా కలిపి మడిచి, దాన్ని అరచేత్తో సాపు చేసింది.

"కాగితం నీ దగ్గరికే వచ్చిందట కదా వదినా."

"వచ్చింది."

"ఏం రాస్తావు?"

"చూసింది రాస్తాను అమ్మడూ."

ఆడపడుచు తల ఊపి బట్టల దొంతర ఎత్తుకుని మేడెక్కింది.

మంగళవారం కొలిమక్క మొదట చేసిన పని ఎక్స్‌రే. చిప్పు కింద సోల్డరు చుక్కలు కంటికి కనిపించవు, ఎక్స్‌రేలోనే కనిపిస్తాయి. లోపం ఉంటే చుక్క చితికి ఉంటుంది, లేదా పక్కదానితో కలిసిపోయి ఉంటుంది. పన్నెండు బోర్డులు చూసింది. చుక్కలన్నీ ఆవగింజలు పోసినట్టు గుండ్రంగా, వరస తప్పకుండా ఉన్నాయి. పన్నెండుతో ఆపొచ్చు. ఆపలేదు. నలభై ఒకటీ చూసింది. ఎక్కడా వేలు పెట్టే సందు లేదు. అలాంటి అతుకును తప్పు పట్టాలంటే కోడిగుడ్డుకు ఈకలు పీకాల్సిందే.

తర్వాత వేడిగాలి గొట్టంతో ఐదు మెమరీ చిప్పులు ఊడదీసి, చదివే మిషన్లో పెట్టింది. అక్కడ తేలింది. చిప్పుల్లో రాతలు చెరిగిపోతున్నాయి. ఎవరూ చెరపలేదు, వాటంతటవే, చాక్‌పీసు గీతల్లా, మాసిపోతున్నాయి.

అది ఎందుకో ఆమెకు తెలుసు. పాత చిప్పుల్లో ఒక్కో గదిలో ఒక్క మనిషి ఉన్నట్టు ఒక్కో అంకె ఉండేది. ఇప్పుడు చవకలో ఎక్కువ పట్టాలని అదే గదిలో నలుగురిని ఇరికించారు. ఇరుకైనా చల్లగా ఉన్నంతకాలం సర్దుకుంటారు. వేడెక్కితే ఎవరు ఎక్కడ కూర్చున్నారో తెలియకుండా పోతుంది. అరవై రెండు డిగ్రీల దగ్గర ఆ చిప్పు ఏడేళ్లు నిలుస్తుందని రెండేళ్ల కిందట తానే పరీక్షించి రాసింది.

గోదాము నుంచి సీలు విప్పని కన్సోళ్లు ఆరు తెప్పించింది. ఒక్కోదాన్ని విప్పి, మెమరీ చిప్పు వీపున వెంట్రుకంత సన్నటి తీగ అతికించి, మూత బిగించి, ఉక్కు పెట్టెలో పెట్టింది. పెట్టె లోపల ఎండాకాలపు మామూలు గది వేడి పెట్టింది, అంతకన్నా ఒక్క డిగ్రీ ఎక్కువ పెట్టలేదు. ఆరింటిలోనూ బరువైన ఆట నడిపించి, కుర్చీ లాక్కుని అంకెలు చూస్తూ కూర్చుంది. యాభై. అరవై. అరవై రెండు దాటుతుంటే లేచి నిలబడింది. డెబ్బై. రెండు గంటలయ్యాక ఆరు తీగలూ ఒకే మాట చెప్పాయి. ఎనభై నాలుగు.

తీగ తప్పు చెబుతోందేమోనని మార్చింది. ఎనభై నాలుగు.

తను పరీక్షించిన యంత్రానికీ దీనికీ తేడా ఎక్కడుందో వెతికింది. బోర్డు అదే, రాగి పలక అదే. ఫ్యాను కూడా అదే. దాని వేగం చూస్తే అప్పటిదానిలో సగం కన్నా కాస్త ఎక్కువ. ఎవరో తగ్గించారు. తగ్గించాలంటే మార్పు పత్రం ఉండాలి. మార్పు పత్రం మీద వేడి పరీక్ష ఫలితం ఉండాలి. ఫలితం లేకుండా ఒప్పుకున్నవాడు ఎవడో వాడి సంతకం ఉండాలి. వాడి సంతకం దొరికితే ఆ పదకొండు మందీ గోడ దగ్గరి నుంచి కదలొచ్చు.

కాగితాల గది మెట్ల కింద ఉంటుంది. దాన్ని చూసేది ఒక ముసలాయన, అందరికీ ఫైళ్ల తాత. మార్పు పత్రాలు కంప్యూటర్లో దొరక్కపోతే ఆయన్నే అడగాలి. ఆమె నెల చెప్పగానే కళ్లజోడు నుదుటి మీదికి తోసుకుని, రెండో బీరువా కింది అరలోంచి ఒక ఫైలు తీసి, పేజీ దగ్గర వేలు పెట్టి మరీ ఇచ్చాడు. ఈ వారం రోజుల్లో ఈ ఫైలు అడిగినవాళ్లలో నువ్వు రెండోదానివమ్మా అన్నాడు. మొదట ఎవరని ఆమె అడగలేదు.

మార్పు: చప్పుడు తగ్గించడానికి ఫ్యాను వేగం తగ్గింపు. వేడి మీద ప్రభావం: లేదు. పరీక్ష: అవసరం లేదు. ధ్రువీకరించినవారు.

ఆ గడిలో ఉన్నది ఆమె సంతకం.

మొదట తనది కాదేమో అనుకుంది. చివరి అక్షరం కింద ఆ కొక్కెం తనదే. మెల్లగా గుర్తొచ్చింది. ఆ వారం ఉక్కు పెట్టెలో కాయిల్ కాలిపోయి ఉంది, కొత్తది రావడానికి పది రోజులన్నారు. తను టిఫిన్ డబ్బా చేత్తో పట్టుకుని గది తాళం వేస్తోంది. బోర్డు సారు ఎదురొచ్చాడు. చిన్న మార్పే అక్కా, చప్పుడు లేదని ప్రకటన ముద్రణకు వెళ్లాలి అన్నాడు. తలుపు మీద కాగితం ఆనించి, నిలువుకాళ్ల మీద సంతకం పెట్టింది. ఎవరూ బెదిరించలేదు. ఎవరూ బతిమాలనూ లేదు. ఆకలిగా ఉంది, అంతే.

ఫైళ్ల తాత ఆమె ముఖం చూసి, కూర్చోమ్మా అని స్టూలు చూపించాడు. కూర్చోలేదు. ఫైలు మూసి ఇచ్చేసి, మెట్లెక్కి వెళ్లి, ఉక్కు పెట్టె ఆపకుండా దాని ముందే చాలాసేపు నిలబడింది. పెట్టె పక్కన ఆరు తెరల మీద ఆరు ఆటలు నడుస్తున్నాయి.

బుధవారం ఆమే బోర్డు సారు గదికి వెళ్లింది. ఎనభై నాలుగు అని రాసిన కాగితం ఆయన ముందు పెట్టింది. ఆయన దాన్ని చదివి, ఆశ్చర్యపోలేదు. తలుపు దగ్గరికి వేసి వచ్చి, మొదటిసారి ఆమె ఎదురుగా కూర్చున్నాడు.

ఆయన చాలాసేపు మాట్లాడాడు. ఏదీ అబద్ధం కాదు. కన్సోలంటే మొదటి నుంచీ రాజీయేనన్నాడు. క్యాట్రిడ్జిలో వేగం ఉంది, చోటు లేదు. డిస్కులో చోటుంది, వేగం లేదు. డిస్కు తీసేస్తే పెట్టె సన్నబడింది. సన్నబడ్డాక వేడికి పోయే దారి లేదు. ఫ్యాను పెంచితే వేడి పోతుంది, కొనేవాడు చప్పుడని పోతాడు. చిప్పు దూరంగా పెడితే చల్లగా ఉంటుంది, ఆట నెమ్మదిస్తుంది. తీసి మార్చుకునే కార్డు పెడితే అందరికీ మేలే, అయితే దాని మీద ఇంకో అర్ధ అంగుళం మందం. ఎక్కడో ఒకచోట ఎవరో ఒకరు నలగాలి అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన వేలు బల్ల మీద ఒక బోర్డు గీస్తోంది, గీతలు లేకుండానే.

"మార్పు పత్రం చూశాను సార్," అంది ఆమె.

"నేనూ చూశానక్కా. పోయిన గురువారమే." ఆయన గొంతు ఇంకా తగ్గింది. "అందుకే కదా సోల్డరింగు అని రాసింది. వేడి అని రాస్తే మీ సంతకం దగ్గరికే వస్తారు. ఇరవై రెండేళ్లు చేశారు. ఇప్పుడు మీకీ మాట అవసరమా?"

"ఆ పదకొండు మంది?"

"లైనులో మనుషులు మారుతూనే ఉంటారు. వాళ్లకి ఇంకో చోట దొరుకుతుంది. మీకు దొరకదు. నేను మీ మంచికే చెబుతున్నాను."

నిజంగానే మంచికే చెబుతున్నట్టు ఉంది ఆయన ముఖం.  తిట్టేవాడైతే తిరిగి తిట్టొచ్చు. లేచి వచ్చేస్తుంటే ఆయనే తలుపు తెరిచి పట్టుకున్నాడు.

ఇంటికొచ్చేసరికి హాల్లో టీవీ తెర నల్లగా ఉంది. పిల్ల దాని ఎదురుగా కాళ్లు ముడుచుకుని కూర్చుంది. కన్సోలు మీద చిన్న లైటు మూడుసార్లు వెలిగి ఆరిపోతోంది, కాసేపాగి మళ్లీ మూడుసార్లు. ఆ లెక్క కొలిమక్కకు తెలుసు. యంత్రం ఇక లేవదని. చీటీలన్నిటి మీదా చివర ఉన్న మాట అదే.

"పొద్దున వంతెన లేదు అత్తయ్యా. మధ్యాహ్నం వీధి లేదు," అంది పిల్ల. ఏడవలేదు. తప్పు తనదేమోనన్నట్టు, నేను సరిగ్గానే ఆపాను అని మాత్రం రెండుసార్లు అంది.

ఆడపడుచు భోజనానికి కిందికి దిగలేదు. తలనొప్పి అని పిల్లతో చెప్పి పంపింది. కొలిమక్క పళ్లెం తీసుకుని మేడెక్కితే, తలుపు గడియ పెట్టి ఉంది. పిలిస్తే, పడుకున్నాను వదినా అని లోపల్నుంచి గొంతు వచ్చింది. అది పడుకున్న మనిషి గొంతు కాదు.

కిందికొచ్చి భర్తకు అంతా చెప్పింది.  లిఫ్టులో తాడు పరీక్ష చేయకుండా తన సాటివాడొకడు సంతకం పెట్టిన సంగతి ఆయనకు గుర్తొచ్చినట్టుంది. ఆ పేరు అనబోయి మానేశాడు.

"అడుసు తొక్కావు. ఇక కాలు కడుక్కోవాలి," అన్నాడు చివరికి. "నీళ్లు చల్లగా ఉన్నాయనుకుంటే ఎలా?"

ఆమె వంటింటి బల్ల మీద కాగితాలు పరుచుకుని కూర్చుంది. ఎక్స్‌రేలు, తీగల అంకెలు, చిప్పుల్లో చెరిగిపోయిన రాతల పట్టిక. అన్నిటికన్నా పైన మార్పు పత్రం నకలు పెట్టింది. నివేదికలో కారణం అన్న గడికి వచ్చేసరికి కలం ఆగింది. వేడి అని రాస్తే చాలు. వేడికి పేరు లేదు. కాసేపు చూసి, ఇలా రాసింది: ఫ్యాను వేగం తగ్గించినప్పుడు వేడి పరీక్ష చేయకుండా నేను సంతకం చేయడం. రాశాక ఆ వాక్యాన్ని చదువుకోలేదు.

గురువారం సమీక్ష పదకొండు గంటలకు. పొడుగు బల్లకు ఆ చివర పెద్ద మేనేజరు, తెల్ల జుట్టు ఆవిడ. ఆవిడ ముందు మూత తీసిన కన్సోలు ఒకటి. పక్కన బోర్డు సారు, సూపర్‌వైజరు. కొలిమక్క తన కవరు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

ఆమె నోరు తెరవకముందే బోర్డు సారు ఒక కాగితం బల్ల మీద ఆమె వైపు జరిపాడు. ఇక మీరు ఖాయం చేస్తే అయిపోతుందక్కా అన్నాడు. మిషన్లో వేడి తప్పుగా పెట్టింది తానేననీ, లైనులో మిగతా పదిమందికీ దానితో సంబంధం లేదనీ రాసి ఉంది అందులో. మాటలు కంపెనీవి. కింద సంతకం ఆడపడుచుది. తేదీ నిన్నటిది.

కొలిమక్కకు నిన్న రాత్రి గుర్తొచ్చింది. గడియ పెట్టిన తలుపు, ఆ గొంతు. అడగక్కర్లేదు, అయినా అడిగింది.

"ఆమెకేం చూపించారు సార్?"

బోర్డు సారు తన టీ కప్పు దగ్గరికి జరుపుకున్నాడు. "ఉన్నదే చూపించాను. మీ సంతకం ఉన్న పత్రం. ఏం చేయాలో నేను చెప్పలేదు. తనే కలం అడిగింది."

అంటే తను మెట్ల కింద ఆ ఫైలు తెరిచిన మర్నాడే ఆడపడుచు కూడా అది చూసింది. వదినను నిలదీయలేదు. అన్నతో చెప్పలేదు. పదిమందినీ, వదిననూ పక్కకు తప్పించి, తను ఆ చోట నిలబడింది.

ఇప్పుడు ఏమీ చేయకపోతే సరిపోతుంది. ఆ ఆలోచన ఆమెకు రాకపోలేదు. గది చల్లగా ఉంది. అందరూ ఆమె వైపే చూస్తున్నారు, ఓపికగా, దయగా. ఒళ్లో కవరు ఎవరికీ తెలియదు. ఒక్క సంతకం, అదీ ఎదుటివాళ్లు ముందే రాసిపెట్టిన దాని కింద.

కవరు తెరిచి, కాగితాలను పెద్ద మేనేజరు ముందు ఒక్కొక్కటిగా పరిచింది. ఆడపడుచు ఉత్తరం మీద ఎక్స్‌రే పెట్టింది.

"నలభై ఒకటీ చూశానమ్మా. అతుకు బాగుంది. చిప్పు దగ్గర ఎనభై నాలుగు డిగ్రీలుంది. పరీక్ష చేయకుండా సంతకం పెట్టింది నేను," అంది. 

పెద్ద మేనేజరు చాలాసేపు చదివింది. ఒకసారి కళ్లెత్తి బోర్డు సారు వైపు చూసింది. ఆయన తన కప్పులోకి చూసుకుంటున్నాడు. ఆవిడ ఎవరినీ కేకలేయలేదు. ఎన్ని యంత్రాలు ఇళ్లల్లో ఉన్నాయని మాత్రం అడిగింది. లక్షా ఎనభై వేలని సూపర్‌వైజరు చెప్పాడు. ఆవిడ కాగితాలన్నీ ఒక దొంతరగా సర్ది, మీద చెయ్యి పెట్టింది.

సాయంత్రానికి నిర్ణయాలు వచ్చేశాయి. సోల్డరింగు లైను రేపటి నుంచి మామూలుగా నడుస్తుంది. ఆడపడుచు రాసిన ఉత్తరం అసలు లేదనుకోమన్నారు. కొలిమక్కను విచారణ ముగిసేదాకా ఇంట్లో ఉండమన్నారు; ముగిశాక రమ్మంటారని ఎవరూ అనలేదు. ఇళ్లల్లో ఉన్న యంత్రాలను వెనక్కి పిలవరు. వచ్చే వారం ఒక అప్‌డేట్ పంపి ఫ్యాను వేగం కాస్త పెంచుతారు, ఎందుకో చెప్పరు. చెరిగినవి చెరిగినట్టే. చెరగబోయేవి ఇంకొంచెం నిదానంగా చెరుగుతాయి. బోర్డు సారుకు ఏమీ కాలేదు. తాళంచెవులు అప్పగించడానికి వెళ్తే ఆయనే తీసుకుని, మీరు ఇంత తొందరపడకుండా ఉండాల్సింది అక్కా అన్నాడు బాధగా.

ఆ సాయంత్రం ఆడపడుచు రోజూ వచ్చే వేళకు రాలేదు. వచ్చాక కూడా వదిన ముఖంలోకి చూడలేదు. ఎందుకలా చేశావని కొలిమక్క అడిగితే, నువ్వెందుకు చేశావు అంది. నేను పెట్టిన సంతకం వృథా చేశావు వదినా అని, ఆ మాట సగంలో ఉండగానే మేడెక్కేసింది. మెట్ల మీద అడుగులు ఆగి, కాసేపటికి మళ్లీ కదిలాయి.

శుక్రవారం పొద్దున కొలిమక్క అలవాటుగా తయారైంది. చెప్పులు వేసుకున్నాక గానీ వెళ్లక్కర్లేదని గుర్తు రాలేదు. వేసుకున్నవి విప్పడం ఇష్టంలేక ఆడపడుచుతో కలిసి బస్టాపు దాకా నడిచింది.  దుకాణాలు ఇంకా తెరవలేదు. బస్టాపులో ఒక ముసలావిడ సంచి మీద తల వాల్చి కునుకుతోంది.

ఆడపడుచు మెడలో కార్డు తిప్పుకుంటూ చాలాసేపు నిలబడింది. ఆ కార్డు పట్టీ నిన్నటిది కాదు. సోల్డరింగు లైనుది ఆకుపచ్చ. ఇది నీలం. పరీక్షల గదికి నీలం.

కొలిమక్క దాన్ని చూసింది. ఆడపడుచు ఆమె చూడటం చూసింది.

"నిన్న సాయంత్రం పిలిచారు. నీ గది నన్ను చూసుకోమన్నారు వదినా."

"ఎవరు?"

"బోర్డు సారే చెప్పాడు. పెద్దావిడ ఒప్పుకుందట. నీ ఇంట్లో ఉన్నదాన్ని కాబట్టి పని తొందరగా పట్టుకుంటానన్నాడు."

దూరంగా మలుపులో బస్సు కనిపించింది. కొలిమక్క ఏదో అనబోయి, ఉక్కు పెట్టె తలుపు మీది అంకెను నమ్మొద్దని, అది మూడు డిగ్రీలు తక్కువ చూపిస్తుందని, సొంత తీగ అతికించి చూసుకోమని చెప్పింది. ఎడమవైపు గొళ్లెం గట్టిగా నొక్కితే తప్ప పడదని చెప్పింది. ఆడపడుచు అన్నిటికీ తల ఊపింది.

"అమ్మడూ, ఆ గదికి నిన్నే ఎందుకు ఎంచుకున్నారో తెలుసా?"

"తెలుసు. నిజం కాదని తెలిసీ ఒకసారి సంతకం పెట్టాను కదా. మళ్లీ పెడతానని వాళ్ల నమ్మకం."

"మరి నీ నమ్మకం?"

బస్సు వచ్చి ఆగింది. ముసలావిడ ఉలిక్కిపడి లేచి సంచి సర్దుకుంది. ఆడపడుచు ఆమెను ముందు ఎక్కించి, వెనక తనూ ఎక్కింది. లోపల సీట్లన్నీ దాదాపు ఖాళీగానే ఉన్నాయి. ఆమె కూర్చోలేదు. రెండు చేతులతో పై కడ్డీ పట్టుకుని, ముఖం ఇటు తిప్పకుండా, బస్సు కదిలి మలుపు తిరిగేదాకా అలాగే నిలబడి ఉంది.